నీళ్ళు ఐసు అయితే, ఐసు నీళ్ళు అయితే: విశాఖలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

పెదవాల్తేరులో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ ట్యూషన్ చెప్తాను. ఏప్రిల్ వచ్చిందంటే ఏ పాఠం చెప్తున్నా ప్రశ్నలు మాత్రం ఫ్రిజ్ దగ్గరికే వచ్చి ఆగుతాయి. సీసా ఎందుకు పగిలింది, ఐసు ఎందుకు తేలుతుంది, ఉప్పు వేస్తే చల్లదనం ఎందుకు పెరుగుతుంది... పిల్లలే కాదు, మా అపార్ట్‌మెంట్‌లో పిన్నిగార్లు అడుగుతారు, చేపల బుట్టతో గుమ్మంలోకి వచ్చే ఆవిడా అడుగుతుంది. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకన్నా రాసి పెడితే అందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందే రెండు మాటలు. నీళ్ళు గడ్డకడితే బరువు మారదు, పట్టే చోటు మారుతుంది. ఐసు కరిగేటప్పుడు వేడి లోపలికి పోతూనే ఉంటుంది కానీ డిగ్రీలు పెరగవు. కింద వచ్చే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఈ రెంటిలోనే ఉంది.

ఫ్రీజర్‌లో పెట్టిన గాజు సీసా ఎందుకు పగిలింది?

మా ఇంట్లో మొదటి ఫ్రిజ్ కొన్న వారంలోనే ఇది జరిగింది. నాన్న గాజు సీసా అంచు దాకా నీళ్ళు నింపి, మూత గట్టిగా బిగించి ఫ్రీజర్‌లో పెట్టారు. పొద్దున్న తలుపు తీస్తే సీసా అడుగు ఊడిపోయి ఉంది, లోపలి ఐసు మాత్రం సీసా ఆకారంలోనే నిలబడి ఉంది. సీసా నాసిరకం అని ఇంట్లో అందరం తీర్మానించేశాం. సీసా తప్పేమీ లేదని నాకు ఇంటర్ చదివేటప్పుడు తెలిసింది.

ఒక లీటరు నీళ్ళు గడ్డకడితే దాదాపు 1.09 లీటర్ల చోటు కావాలి. అంటే సుమారు 9 శాతం ఎక్కువ. సీసా నిండుగా ఉండి మూత బిగించి ఉంటే ఆ 90 మిల్లీలీటర్లు ఎక్కడికీ పోలేవు, గాజు సాగదు, పగలడం ఒక్కటే మిగిలిన దారి. పైగా నీళ్ళు సాధారణంగా పైనుంచీ పక్కల నుంచీ ముందు గడ్డకడతాయి, మధ్యలోవి చివర. మెడ దగ్గర ఐసు బిరడాలా బిగుసుకున్నాక మధ్య నీళ్ళు గడ్డకట్టడం మొదలుపెడితే సీసా గోడల మీద పడే ఒత్తిడి మామూలుగా ఉండదు. గాజే కాదు, గట్టి ఇనుప గొట్టాలు కూడా ఆ ఒత్తిడికి చీలిపోతాయి.

మరి ఎంత ఖాళీ వదలాలి?

లీటరు సీసాలో కనీసం 100 మిల్లీలీటర్లు. నేనైతే 150 వదలమంటాను. మూత వదులుగా పెట్టండి, పూర్తిగా గడ్డకట్టాక కావాలంటే బిగించుకోవచ్చు. గాజు సీసా మాత్రం అసలు వద్దు. ప్లాస్టిక్ సీసా కొంచెం ఉబ్బి ఊరుకుంటుంది, గాజు ముక్కలు ఏరుకోవడం పిల్లలున్న ఇంట్లో చాలా టెన్షన్.

చల్లబడితే ఏ వస్తువైనా ముడుచుకోవాలి కదా, నీళ్ళు ఎందుకు ఉబ్బుతాయి?

ఈ ప్రశ్న అడిగిన పిల్లల్ని చూస్తే నాకు నిజంగా సంతోషం వేస్తుంది, ఎందుకంటే అసలు విషయమంతా ఇక్కడే ఉంది. వంటింట్లోకి వెళ్ళి నెయ్యి గిన్నె చూడండి. కాచిన నెయ్యి పేరుకునేటప్పుడు మధ్యలో చిన్న గుంట పడుతుంది, అంటే నెయ్యి ముడుచుకుంది. సగం కరిగిన నెయ్యిలో పేరిన ముద్ద అడుగునే కూర్చుంటుంది, పైకి తేలదు. కొబ్బరినూనె, మైనం కూడా ఇంతే. లోకంలో చాలా పదార్థాలు గడ్డకడితే బిగుసుకుని బరువెక్కి మునుగుతాయి. నీళ్ళు అందుకు ఎదురు నడుస్తాయి.

కారణం నీటి అణువు ఆకారంలో ఉంది. ఒక ఆక్సిజన్, దానికి రెండు హైడ్రోజన్లు, ఆ రెండిటి మధ్య కోణం దాదాపు 104.5 డిగ్రీలు. ఒక అణువులోని హైడ్రోజన్ పక్క అణువులోని ఆక్సిజన్ వైపు లాగబడుతుంది, దీన్నే హైడ్రోజన్ బంధం అంటారు. ద్రవంగా ఉన్నప్పుడు ఈ బంధాలు క్షణక్షణం తెగుతూ, కొత్తగా కడుతూ ఉంటాయి. జగదాంబ జంక్షన్‌లో పండగ ముందు రోజు సాయంత్రం జనం ఎలా తోసుకుంటూ, ఒకరి సందులో ఒకరు దూరుతూ కదులుతారో అలా అన్నమాట. గడ్డకట్టేటప్పుడు ఆ తోపులాట ఆగిపోతుంది. ప్రతి అణువూ చుట్టూ సరిగ్గా నలుగురి చెయ్యి పట్టుకుని, చేతులు బారచాపి నిలబడుతుంది. అదే జనం చేతులు చాపి వరసల్లో నిలబడితే అదే జంక్షన్‌లో అందరూ పట్టరు కదా. ఐసులో అణువుల మధ్య ఆరు మూలల ఖాళీ గదులు ఏర్పడతాయి, తేనెపట్టు గదుల్లాగా. ఆ ఖాళీల వల్లే అదే బరువుకి ఎక్కువ చోటు కావాలి. మంచు పలుకులు ఆరు రేకులతో ఉండేదీ ఈ అమరిక వల్లే.

కరిగేటప్పుడు జరిగేది దీనికి తిరగబడిన పని. ఆ గదులు కూలి అణువులు మళ్ళీ ఒకదాని సందులోకి ఒకటి దూరతాయి, నీటికి చోటు తగ్గుతుంది.

4 డిగ్రీల గొడవ ఏమిటి? పుస్తకంలో ఉంటుంది కానీ అర్థం కాదు.

కరిగి నీళ్ళయ్యాక కూడా ఆ గదుల ఛాయలు కొన్ని మిగిలి ఉంటాయి. 0 నుంచి 4 డిగ్రీల దాకా వేడెక్కిస్తే అవి ఇంకా కూలుతూ నీళ్ళు ముడుచుకుంటూనే ఉంటాయి, 4 దాటాక మాత్రం అందరిలాగే వ్యాకోచిస్తాయి. అందుకే నీటికి సాంద్రత అత్యధికంగా ఉండేది 4 డిగ్రీల దగ్గర, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే 3.98 దగ్గర.

దీని ఉపయోగం మన ఊళ్ళో కనబడదు, శ్రీనగర్‌లో దాల్ సరస్సు దగ్గర కనబడుతుంది. చలికాలంలో పైన నీళ్ళు చల్లబడి 4 డిగ్రీలకి రాగానే బరువెక్కి అడుగుకి పోతాయి. మొత్తం 4కి చేరాక ఇంకా చల్లబడిన నీళ్ళు తేలికై పైనే ఉండిపోతాయి, అక్కడే గడ్డకడతాయి. పైన ఐసు దుప్పటి, కింద ద్రవంగా నీళ్ళు, అందులో చేపలు బతికే ఉంటాయి. నెయ్యిలాగా నీళ్ళు కూడా గడ్డకట్టి మునిగేవి అయితే చలిదేశాల చెరువులు అడుగు నుంచి పైదాకా రాయిలా బిగుసుకుపోయేవి.

కిలో నీళ్ళు గడ్డకడితే కిలో ఐసేనా?

కిలోనే. ఒక్క గ్రాము కూడా మారదు. అణువులు అవే, నిలబడిన తీరు మారిందంతే. ఐసు తూకానికి కొంటే కరిగాక అంతే బరువు నీళ్ళొస్తాయి, డబ్బా కొలతకి కొంటే మాత్రం తక్కువ నీళ్ళొస్తాయి. ముక్కలు కొట్టిన ఐసైతే మధ్యలో గాలి కూడా ఉంటుంది కాబట్టి ఇంకా తక్కువ.

గ్లాసు అంచు దాకా నిమ్మకాయ నీళ్ళు, పైన ఐసు ముక్క తేలుతోంది. కరిగితే పొర్లిపోతుందా?

పొర్లదు. తేలే ఐసు ముక్కలో దాదాపు 12లో 11 వంతులు నీటిలోపల, ఒక వంతు బయట ఉంటుంది. ముక్క తన బరువుకి సమానమైన నీటిని పక్కకి తోసింది. కరిగాక అదే బరువు నీళ్ళు అవుతుంది కాబట్టి సరిగ్గా తాను తోసిన ఆ చోటులోనే సర్దుకుంటుంది. చక్కెర, ఉప్పు ఎక్కువగా కలిపిన నీళ్ళయితే వెంట్రుకవాసి తేడా వస్తుంది, కంటికి ఆనదు.

అలాగైతే ధ్రువాల దగ్గర మంచు కరిగితే ఆర్కే బీచ్‌కి వచ్చిన నష్టమేంటి?

చాలామంది పై జవాబు విని ఇక్కడికి దూకుతారు, దూకి తప్పు అర్థం తీసుకుంటారు. ఆర్కిటిక్‌లో సముద్రం మీద తేలే మంచు కరిగితే నీటిమట్టం దాదాపుగా పెరగదు, నిజమే. కానీ గ్రీన్‌లాండ్, అంటార్కిటికాల్లో ఉన్నది నేల మీద పేరుకున్న మంచు. అది గ్లాసులో తేలే ముక్క కాదు, బయటి నుంచి తెచ్చి గ్లాసులో కొత్తగా పోస్తున్న నీరు. గ్రీన్‌లాండ్ మంచు మొత్తం కరిగితే ప్రపంచ సముద్రమట్టం సుమారు 7 మీటర్లు, అంటార్కిటికాది మొత్తం కరిగితే సుమారు 58 మీటర్లు పెరుగుతుంది. మొత్తం కరగడానికి వందల ఏళ్ళ నుంచి వేల ఏళ్ళ దాకా పడుతుంది, కానీ మట్టం పెరగడం ఇప్పటికే మొదలైంది. దీనికి తోడు వేడెక్కిన సముద్రపు నీరు కూడా వ్యాకోచిస్తుంది. బీచ్ రోడ్డు పక్కన ఇసుక కోసుకుపోవడం చూస్తూ పెరిగినవాళ్ళం, ఈ లెక్కని పరీక్ష కోసం చదివి వదిలేయకూడదని నా గట్టి అభిప్రాయం. ఇసుక కోతకి ఇంకా వేరే కారణాలు కూడా ఉన్నాయి, అన్నీ దీని మీదే తోయకండి.

ఐసు నీళ్ళలో థర్మామీటరు పెడితే సున్నా దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?

గదిలో 35 డిగ్రీల వేడి ఉన్నా, ముక్కలు మిగిలి ఉన్నంతసేపు, కలుపుతూ చూస్తే సున్నాయే చూపిస్తుంది. లోపలికి పోయే వేడంతా అణువుల పట్టు విడిపించడానికే ఖర్చవుతుంది, డిగ్రీలు పెంచడానికి మిగలదు. దీన్నే గుప్తోష్ణం అంటారు, దాగి ఉన్న వేడి అని. 1760ల్లో స్కాట్లాండ్‌లో జోసెఫ్ బ్లాక్ దీన్ని కొలిచి చూపించాడు.

ఎంత వేడి అంటే, కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ళు. అదే వేడితో కిలో నీళ్ళని 0 నుంచి దాదాపు 80 డిగ్రీల దాకా వేడెక్కించవచ్చు! పిల్లలకి ఈ పోలిక చెప్పినప్పుడు ఒక్క నిమిషం క్లాసంతా నిశ్శబ్దం అయిపోతుంది. ఫ్రీజర్‌లో నీళ్ళు తొందరగా చల్లబడి ఐసు కావడానికి మాత్రం గంటలు పట్టడానికి కారణం ఇదే. 30 డిగ్రీల కిలో నీళ్ళని సున్నాకి తేవడానికి సుమారు 125 కిలోజౌళ్ళు లాగితే చాలు, సున్నా దగ్గర నిలబడి గడ్డకట్టడానికి ఇంకో 334 లాగాలి.

కరెంటు పోతే ఫ్రిజ్‌లో సరుకు ఎంతసేపు నిలుస్తుంది?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేని సంగతి ఎవరూ మర్చిపోలేదు. అప్పటి నుంచి తుఫాను హెచ్చరిక వినగానే నేను చేసే మొదటి పని, ఖాళీ ప్లాస్టిక్ సీసాల్లో ముప్పాతిక వంతు నీళ్ళు పోసి ఫ్రీజర్ నింపేయడం. ఆ సీసాల్లో ఐసు పూర్తిగా కరిగేదాకా ఫ్రీజర్ లోపల సున్నాకి దగ్గర్లోనే ఉంటుంది, ఎందుకంటే బయటి నుంచి వచ్చే వేడిని ముందు ఆ ఐసే మింగుతుంది. ఖాళీ ఫ్రీజర్ తొందరగా వేడెక్కిపోతుంది. తలుపు మాత్రం ఊరికే తియ్యకండి. కరిగాక ఆ నీళ్ళు తాగడానికి కూడా పనికొస్తాయి, తుఫాను తర్వాత అదీ చిన్న విషయం కాదు.

ఉప్పు ఐసుని కరిగిస్తుంది కదా, మరి ఐస్‌క్రీమ్ గడ్డకట్టడానికి ఐసులో ఉప్పు ఎందుకు వేస్తారు?

రెండూ నిజమే, రెండూ ఒకటే పని. ఉప్పు కలిసిన నీరు గడ్డకట్టాలంటే సున్నా కన్నా కిందికి దిగాలి. ఐసు మీద కళ్ళుప్పు చల్లగానే ఐసు కరగడం మొదలుపెడుతుంది. కరగడానికి వేడి కావాలి అని పైన చెప్పుకున్నాం. ఆ వేడి తన చుట్టూ ఉన్న నీళ్ళలోంచి, మధ్యలో ఉన్న ఐస్‌క్రీమ్ డబ్బాలోంచి లాక్కుంటుంది. దాంతో మొత్తం సున్నా కన్నా బాగా కిందికి దిగిపోతుంది. ఐసు మూడు పాళ్ళు, ఉప్పు ఒక పాలు చొప్పున బాగా కలిపితే దాదాపు మైనస్ 21 డిగ్రీల దాకా పోవచ్చు. పాత పద్ధతిలో చెక్క బకెట్‌లో డబ్బా తిప్పి ఐస్‌క్రీమ్ చేసేవాళ్ళు ఫ్రిజ్ లేకుండానే ఈ పని సాధించారు. చేత్తో మాత్రం ఆ ఉప్పు ఐసుని పట్టుకుని ఉండకండి, చర్మం కమిలిపోతుంది.

పెద్ద ఐసు దిమ్మలు చేసే కార్ఖానాల్లోనూ ఇదే సూత్రం. ఉప్పునీటి తొట్టెని మెషీన్‌తో సున్నా కన్నా కిందికి చల్లబరుస్తారు, ఉప్పు వల్ల ఆ నీరు గడ్డకట్టదు, అందులో దింపిన రేకు డబ్బాల్లోని మంచినీళ్ళు గడ్డకడతాయి.

సముద్రం నీళ్ళు గడ్డకడతాయా?

కడతాయి, మైనస్ 1.9 డిగ్రీల దగ్గర. మన బంగాళాఖాతంలో ఆ మాటే లేదు. గడ్డకట్టేటప్పుడు ఉప్పుని బయటికి తోసేస్తాయి, అందుకే పాతబడిన సముద్రపు మంచు చాలావరకు చప్పగా ఉంటుంది.

ఫిషింగ్ హార్బర్‌లో చేపల మీద ఐసు ఎందుకు చితక్కొట్టి వేస్తారు? ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టిన చేప ఎందుకు మెత్తబడుతుంది?

ఇవి రెండు వేర్వేరు సంగతులు. చితక్కొట్టిన ఐసు చేపకి అన్ని వైపులా ఆనుతుంది. కరుగుతున్న ఐసు సున్నా దగ్గరే ఉంటుంది కాబట్టి చేప చల్లగా ఉంటుంది కానీ గడ్డకట్టదు. కరిగిన నీరు కిందికి జారుతూ చేప ఒంట్లోని వేడినీ తీసుకుపోతుంది. మన వేడికి కిలో చేపకి కిలో ఐసు వేసుకోవడం మంచి లెక్క. ఐసు తగ్గించి డబ్బు మిగుల్చుకోవాలనుకుంటే చేప పోతుంది.

ఇంటి ఫ్రీజర్ చేపని మెల్లగా గడ్డకట్టిస్తుంది. మెల్లగా గడ్డకడితే పెద్ద పెద్ద ఐసు పలుకులు తయారై కండలోని కణాల గోడల్ని చీల్చేస్తాయి. తీసి కరిగించగానే ఆ నీరంతా కారిపోయి వంజరం ముక్క దూదిలా అవుతుంది. ఎగుమతి రొయ్యల్ని చాలా తక్కువ డిగ్రీల్లో గబగబా గడ్డకట్టిస్తారు, పలుకులు చిన్నవిగా ఉండిపోతాయి, కణాలు నిలుస్తాయి. ఇంట్లో చేయగలిగింది ఏమిటంటే పల్చటి ముక్కలుగా కోసి, ఒకదాని మీద ఒకటి కాకుండా విడివిడిగా పరిచి పెట్టడం. ఒకసారి కరిగించిన చేపని మళ్ళీ లోపల పెట్టకండి.

చల్లటి సీసా బయట నీళ్ళెక్కడివి? సీసా కారుతోందా?

కారడం లేదు. మన ఊరి గాలిలో ఉండే తేమ చల్లటి సీసా తగిలి నీరవుతోంది. నమ్మకం లేకపోతే మూత బిగించిన సీసాని తూచి చూడండి, కాసేపయ్యాక బరువు పెరుగుతుంది.

లంబసింగిలో మంచు పడుతుందంటారు, నిజంగా కశ్మీర్‌లో లాగానా?

కాదు. ఇక్కడ చిక్కు మన మాటలోనే ఉంది. తెలుగులో పొగలా కమ్ముకునేదీ మంచే, గడ్డి మీద పొద్దున్నే మెరిసే బొట్టూ మంచే, హిమాలయాల మీద పేరుకునేదీ మంచే. పొగమంచు ఐసు కాదు, గాలిలో తేలే సన్నటి నీటి బొట్లు. లంబసింగి, చింతపల్లి వైపు డిసెంబర్, జనవరి తెల్లవారుజామున ఎక్కువగా కనబడేది అదే. బాగా చలి ముదిరి, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రుల్లో అక్కడ వేడి సున్నా దగ్గరికి దిగుతుంది, అప్పుడు గడ్డి మీద, బండ్ల సీట్ల మీద తెల్లటి పొర కడుతుంది. గాలిలోని ఆవిరి నీరు కాకుండానే నేరుగా ఐసుగా పేరుకోవడం అది. నేలా గడ్డీ తమ వేడిని ఆకాశంలోకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువ చల్లబడతాయి, అందుకే గాలి సున్నా కన్నా ఒకటి రెండు డిగ్రీలు పైన ఉన్నా గడ్డి మీద తెల్లపొర కట్టగలదు. ఆకాశం నుంచి దూదిపింజల్లా పడే మంచు వేరు, దాన్ని ఆశించి వెళ్ళి నిరాశపడకండి. చూడాలంటే సూర్యోదయానికి ముందే అక్కడ ఉండండి, ఎండ తగిలితే తొందరగా కరిగిపోతుంది.

ఐసు ముక్క మధ్యలో తెల్లగా ఎందుకుంటుంది?

నీళ్ళలో కరిగి ఉన్న గాలికి ఐసు గదుల్లో చోటు లేదు. అంచుల నుంచి గడ్డకడుతూ గాలినీ లవణాలనీ మధ్యకి నెట్టేస్తుంది, చివరికి అవి అక్కడ చిక్కుకుని చిన్న బుడగలుగా మిగులుతాయి. ఆ బుడగలే తెలుపు.

వేడినీళ్ళు చన్నీళ్ళకన్నా తొందరగా గడ్డకడతాయంటారు?

టాంజానియాలో 1963లో ఎరాస్టో ఎంపెంబా అనే స్కూలు కుర్రాడు ఐస్‌క్రీమ్ చేస్తూ ఇది గమనించాడు, మాస్టారు కొట్టిపారేసినా వదలకుండా అడిగాడు, 1969లో ఒక ప్రొఫెసర్‌తో కలిసి దాని మీద పరిశోధనా పత్రం అచ్చేశాడు. అది ప్రతిసారీ జరిగే సంగతి కాదు, శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదన నడుస్తోంది. ఇంట్లో అవసరానికైతే చన్నీళ్ళే పెట్టండి. మరిగే గిన్నె లోపల పెడితే పక్కనున్న సరుకు పాడవుతుంది.

మా అమ్మాయి అమెరికాలో ఉంది. చలికి పైపులు పగులుతాయని రాత్రంతా కొళాయి సన్నగా వదిలేస్తారట, నీళ్ళు దండగ కాదా?

దండగ కాదండీ. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో వచ్చిన చలికి ఎన్నో ఇళ్ళలో పైపులు పగిలాయి, మనవాళ్ళ ఇళ్ళు కూడా అందులో ఉన్నాయి. పైపులో ఒకచోట ఐసు బిరడా కట్టి పెరుగుతుంటే, ఆ బిరడాకీ మూసిన కొళాయికీ మధ్య ఇరుక్కున్న నీళ్ళ మీద ఒత్తిడి పెరిగిపోతుంది. చాలాసార్లు పైపు చీలేది ఐసు ఉన్నచోట కాదు, ఆ ఇరుక్కున్న నీళ్ళున్న చోట. కొళాయి కొద్దిగా వదిలితే ఒత్తిడి బయటికి పోతుంది. ఇక పగిలిన సంగతి చాలామందికి ఐసు కరిగి నీళ్ళు చిమ్మినప్పుడే తెలుస్తుంది, కాబట్టి మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోమని చెప్పండి.

ఇవన్నీ ఇంట్లో పిల్లలకి చూపించడం ఎలా?

లీటరు ప్లాస్టిక్ సీసాలో 800 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టండి. వంటింటి కాటా ఉంటే తూచి బరువు రాసుకోండి. ఒక రాత్రి ఫ్రీజర్‌లో నిలబెట్టి పొద్దున్న చూడండి, ఐసు గీత దాటి 870 దగ్గరికి వచ్చి ఉంటుంది, సీసా కూడా కాస్త ఉబ్బవచ్చు. తీయగానే పైన కట్టిన చెమ్మ తుడిచి తూచండి, రాసుకున్న బరువే వస్తుంది. తర్వాత గట్టు మీద పెట్టి కరగనివ్వండి, సీసా సాగకపోతే మట్టం మళ్ళీ గీత దగ్గరికే దిగుతుంది. మూత మాత్రం బిగించకండి.